సెకండియర్ నాటి సందేహం

రసూల్‌బీ గొంతు ఎలాంటిదో ప్రత్తిపాడులో ఎవర్నడిగినా చెబుతారు. ఊరి చివర ఆవిడకి మిరపనారు పెంచే నర్సరీ ఉంది. పచ్చటి వల నీడలో బారులు తీరిన నారుమళ్లకి ఈ కొసన నిలబడి ఆవిడ "ఒసేయ్ సాజిదా, మోటారు కట్టెయ్యవే!" అని కేకేసిందంటే, ఆ కొసన పనిచేసే సాజిదాతో పాటు పక్క చేలో మీరావలి కూడా తన మోటారు కట్టేసుకున్న రోజులున్నాయి. భర్త గౌస్ బాషా జిన్నింగు మిల్లులో ఫిట్టరు. ముప్ఫై ఏళ్లు ఆ యంత్రాల మోతలో బతికిన మనిషి కనక ఆవిడ గొంతు ఆయనకి మామూలుగానే వినబడుతుంది. ఆ సంసారం చల్లగా సాగడానికి అదీ ఒక కారణమని గిట్టనివాళ్లంటారు. గిట్టేవాళ్లు కూడా అంటారు.

అలాంటి రసూల్‌బీ మూడేళ్ల పాటు గుంటూరులో బీయస్సీ చదివి, క్లాసులో 'ప్రెజెంట్ సార్' తప్ప మరొక మాట మాట్లాడలేదంటే ఎవరు నమ్ముతారు? నర్సరీలో ఆడవాళ్లయితే నమ్మలేదు. కానీ అది నిజం. సరిగ్గా చెప్పాలంటే ఇంకొక్క మాట మాట్లాడింది. 'ఏం లేదు సార్' అంది. ఈ కథంతా ఆ మాట తెచ్చిన తంటా.

అది డెబ్భై మూడు నుంచి డెబ్భై ఆరు దాకా. ఆ కాలేజీలో ఆడపిల్లలు తమంతట తాము క్లాసులోకి వెళ్లే పద్ధతి లేదు. వరండా చివర వాళ్లకో గది ఉండేది, లేడీస్ వెయిటింగ్ రూమ్. ఒక బెంచీ, ఒక కూజా, పెచ్చులూడిన అద్దం. గంట కొట్టాక అందులో కూర్చుని ఎదురుచూడాలి. లెక్చరరు గారు అటుగా వచ్చాక లేచి, ఆయన వెనకాల వరుసగా నడిచి వెళ్లి, పక్కగా వేసిన రెండు బెంచీల్లో కూర్చోవాలి. పాఠం అయ్యాక మళ్లీ ఆయన వెనకాలే బయటికి వచ్చేయాలి. బాటనీ చెప్పే రామమూర్తి గారైతే వెయిటింగ్ రూమ్ గుమ్మం ముందు ఆగి, లోపలికి చూడకుండా, ఒక్కసారి దగ్గేవారు. ఆ దగ్గే పిలుపు. ఆయన మొహం మాట ఎలా ఉన్నా, చొక్కా వీపు మీద ఇస్త్రీ మడత ఎక్కడ పడేదో క్లాసులోని అయిదుగురు ఆడపిల్లలకీ కంఠతా వచ్చు.

అలా వెనకాల వెళ్లి వెనకాల వచ్చేసే చదువులో మధ్యలో లేచి సందేహం అడగడం ఎక్కడిది? మగపిల్లలూ అడిగేవాళ్లు కాదు. వాళ్లకి సందేహాలు లేక.

సెకండియర్లో ఒకనాడు రామమూర్తి గారు పువ్వుల పాఠం చెబుతూ బోర్డు మధ్యలో నిలువుగా గీత గీశారు. ఏ పువ్వు పుప్పొడి ఆ పువ్వుకే సరిపోయే మొక్కలు ఎడమ పక్క. ఈగో గాలో ఇంకో మొక్క నుంచి పుప్పొడి మోసుకొస్తే గానీ కాయ కట్టనివి కుడి పక్క. కుడి పక్క గుమ్మడి, మొక్కజొన్న, తాటి అని రాశారు. ఎడమ పక్క వరి, వేరుశనగ అని రాసి, వాటి కింద మిరప అని రాశారు.

రసూల్‌బీ కలం అక్కడ ఆగిపోయింది.

వాళ్ల నాన్న మాబు సాహెబుకి నాలుగెకరాల మిరప ఉండేది. చేనంతా సన్నకాయ, గట్టు వైపు ఇంట్లోకని నాలుగు సాళ్లు పచ్చడికాయ. లావుగా, తియ్యగా, కారం ఉందా లేదా అన్నట్టుండే కాయ. దాని విత్తనం అమ్మ తన చేత్తోనే కట్టేది. సన్నకాయని ఆనుకుని ఉన్న సాల్లోంచి మాత్రం కాయ కొయ్యనిచ్చేది కాదు. "పక్కింటి గాలి సోకిన కాయే అది, విత్తనానికి పనికిరాదు" అనేది. ఒక ఏడు అమ్మ జ్వరంతో పడుకుంటే పిన్ని వెళ్లి, ఏ సాలైతే ఏంలెమ్మని అక్కడి నుంచే విత్తనం కట్టింది. మరుసటి ఏటికి ఆ మొక్కలు సన్నటి కాయలు కాశాయి. పండుమిరపకాయ పచ్చడి పెడితే మాబు సాహెబు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అలాగే లేచి వెళ్లి మజ్జిగ కుండ ఎత్తి తాగేశాడు. అప్పటికి రసూల్‌బీకి పదేళ్లు. మిరప పువ్వు దాని మానాన అది ఉండే రకం కాదని ఆ పిల్లకి మజ్జిగ కుండ సాక్షిగా తెలుసు.

అందుకని సగం లేచింది. అంతే, వెనక బెంచీల్లో ఎవడో 'ఓహో' అన్నాడు. ఇంకొకడు బల్ల మీద దరువు వేశాడు. రామమూర్తి గారు బోర్డు వైపు నుంచి తిరిగి "ఏం అమ్మాయ్?" అన్నారు.

"ఏం లేదు సార్" అని కూర్చుంది.

అక్కడితో అయిపోతే బాగుండును. పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. తప్పని తెలిసీ మిరపని ఎడమ పక్కనే రాసింది. మార్కులు పడ్డాయి. అడగకపోవడం కన్నా ఆ మార్కులు ఎక్కువ గుచ్చుకున్నాయి. అడగలేకపోతే పిరికిదాన్నని సర్దిచెప్పుకోవచ్చు, అబద్ధం రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని ఏమని సర్దిచెప్పుకుంటాం? పెళ్లయింది, పిల్లలు పుట్టారు, నర్సరీ పెట్టింది, జిల్లాలో సగం మిరపచేలకి ఆవిడ నారే వెళ్లింది. ఆ ముల్లు మాత్రం అక్కడే ఉంది. ఇంట్లో పండుమిరపకాయ పచ్చడి వడ్డించినప్పుడల్లా "ఆ రోజు నేను గనక అడిగుంటే..." అని మొదలుపెట్టేది. గౌస్ బాషా ఆ పచ్చడంటే ప్రాణం పెట్టే మనిషి. అందుకని ఆ కథ వారానికి రెండుసార్లు వినేవాడు.

రెండు వేల ఆరు నవంబర్లో కార్డు వచ్చింది. పంపింది ఆ బ్యాచిలోని జయరావు. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో కెమిస్టు. ముప్ఫై ఏళ్ల సందర్భంగా డిసెంబరు మూడో శని ఆదివారాల్లో పాత విద్యార్థులంతా కలుద్దామన్నాడు. శనివారం ఉదయం అందరూ ఇప్పటి పిల్లలతో కలిసి క్లాసుల్లో కూర్చోవాలి. మొదటి పీరియడు ఇప్పటి బాటనీ లెక్చరరు. రెండో పీరియడు, రాజమండ్రి నుంచి ప్రత్యేకంగా వస్తున్న రామమూర్తి గారు. ఆ ఒక్క పీరియడే. భోజనం చేసి ఆయన మధ్యాహ్నం రైలుకి వెళ్లిపోతారు.

రసూల్‌బీ కార్డు రెండుసార్లు చదివి, మడిచి, ఖురాన్ పెట్టే అల్మారాలో పై అరలో పెట్టింది. గౌస్ బాషాకి సంగతి అర్థమైంది.

ఆ శనివారం తన టీవీయస్ మీద ఎక్కించుకొచ్చి కాలేజీ గేటు ముందు దించాడు.

"అడుగుతావా?" అన్నాడు.

"చూద్దాం లెండి."

"చూడ్డం కాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇవాళ అడక్కుండా వచ్చావో, ఇంకో ముప్ఫై ఏళ్లు నేనే వినాలి. నావల్ల కాదే. కావాలంటే పచ్చడి మానేస్తా."

ఆయన పచ్చడి మానేస్తానన్నాడంటే మాటలు కాదు. రసూల్‌బీ నవ్వబోయి, నవ్వు రాక, ముసుగు సర్దుకుని లోపలికి నడిచింది. గౌస్ బాషా ఇంటికి వెళ్లకుండా గేటు ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడు.

లోపల గుర్తుపట్టేలా ఉన్నది కట్టడమొక్కటే. మనుషులు తలకొక రకంగా మారిపోయారు. ఒకడికి జుట్టు పోయింది, ఒకడికి పొట్ట వచ్చింది, ఇద్దరికి రెండూ జరిగాయి. మూడేళ్లు ఒక్క గదిలో కూర్చుని పలకరించుకోని వాళ్లంతా ఇప్పుడు 'బాగున్నారా అండీ' అంటే 'బాగున్నారా అండీ' అనుకుంటున్నారు. అయిదుగురు ఆడపిల్లల్లో వచ్చింది ఇద్దరే. రెండో ఆవిడ దుర్గాంబ. పెదకాకాని అర్చకుల ఇంటి ఆడపడుచు, ఇరవై అయిదేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతోంది.

"ఏమే రసూలూ, ఇంత లావయ్యావేంటే!" అంది దుర్గాంబ.

"నువ్వు మాత్రం? మీ గుళ్లో ప్రసాదాలన్నీ నీ ఒంట్లోనే ఉన్నాయి" అంది రసూల్‌బీ. ఇద్దరూ చేతులు పట్టుకుని కాసేపు వదల్లేదు.

గంట కొట్టారు. జయరావు వచ్చి "పదండి, పదండి, అందరూ క్లాసులోకి" అని హడావిడి పెట్టాడు. మగవాళ్లంతా పోలోమని వెళ్లారు. "మీరు పదండి, మేం వస్తాం" అని ఈ ఇద్దరూ వరండా చివరికి నడిచారు. ఎందుకు నడిచారని అప్పుడు అడిగుంటే చెప్పలేకపోయేవాళ్లు. కాళ్లు నడిచాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి సంగతి నాకు తెలియదు గానీ, కాలేజీలో వచ్చిన బుద్ధి మాత్రం ముప్ఫై ఏళ్లకీ పోదు. వెయిటింగ్ రూమ్ ఇప్పుడు విరిగిన కుర్చీలూ, గాలి పోయిన వాలీబాళ్లూ పడేసే గది. గుమ్మం పక్కన పాత బెంచీ మాత్రం ఉంది. దుమ్ము దులుపుకుని దాని మీద కూర్చున్నారు, లెక్చరరు గారు వస్తే వెనకాల వెళదామని.

కాసేపటికి చుడీదారు వేసుకుని, భుజానికి సంచీ తగిలించుకుని, ఒక సన్నటి అమ్మాయి గబగబా వాళ్ల ముందు నుంచి వెళ్లబోయింది.

"అమ్మాయ్, మీ సారు ఇంకా రాలేదా?" అని అడిగింది దుర్గాంబ.

"ఆన్ ద వే అండీ, బస్టాండు నుంచి బయల్దేరారంట" అని ఆ అమ్మాయి నవ్వి వెళ్లిపోయింది.

సరే, వస్తారు కదా అని వీళ్లు కబుర్లలో పడ్డారు. ఏ పిల్లకి ఎక్కడ సంబంధం కుదిరిందో, ఎవరికి షుగరు వచ్చిందో, మోకాళ్ల నెప్పులకి ఏ నూనె మంచిదో అన్నీ తేలాయి. పీరియడు మొత్తం తేలిపోయింది. మళ్లీ గంట కొట్టేసరికి జయరావు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ఎక్కడికెళ్లారండీ మీరిద్దరూ? క్లాసు కూడా అయిపోయింది!"

"అయిపోవడమేంటండీ, లెక్చరరు గారు రాందే?" అంది రసూల్‌బీ.

"రాకపోవడమేంటి? మనోజ్ఞ మేడమ్ మీ ముందు నుంచే కదండీ వచ్చింది!"

ఆయన వెనకాలే ఆ సన్నటి అమ్మాయి చేతులకంటిన సుద్దపొడి దులుపుకుంటూ వస్తోంది. "మీరు రామమూర్తి సారు గురించి అడుగుతున్నారనుకున్నానండీ" అంది బెదురుగా. దుర్గాంబ నెత్తి కొట్టుకుంది. ఇరవై అయిదేళ్లుగా తానే పాఠాలు చెబుతూ, చుడీదారు వేసుకున్న పిల్ల లెక్చరరు అయ్యుంటుందని తట్టనందుకు ఆవిడకి సిగ్గూ వచ్చింది, పొట్ట చెక్కలయ్యే నవ్వూ వచ్చింది. రసూల్‌బీ కూడా నవ్వింది గానీ, లోపల లెక్క వేసుకుంది. ఉన్నవి రెండు పీరియళ్లు. మొదటిది బెంచీ మీద గడిచిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే.

అంతలో వరండా మొదట్లో చేతికర్ర చప్పుడైంది. రామమూర్తి గారు. మనిషి సగమయ్యారు. అదే తెల్ల చొక్కా, చంకలో అట్ట ఊడిన నోట్సు. పిల్లలు నమస్కారాలు పెడుతుంటే అందరికీ "మంచిది, మంచిది" అంటున్నారు. నడుస్తూ నడుస్తూ వెయిటింగ్ రూమ్ గుమ్మం ముందుకు వచ్చాక ఆయన కాళ్లు వాటంతట అవే ఆగాయి. లోపలికి చూడకుండా, ఒక్కసారి దగ్గారు.

ఇద్దరూ బెంచీ మీద నుంచి లేచి, ఆయన వెనకాల నడిచారు. ఒకే ఒక్క నిమిషం అందరికీ ఇరవై ఏళ్లు. క్లాసులో ఉన్న పిల్లలు ఈ ఊరేగింపు చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. పాత మగపిల్లలు మాత్రం నవ్వలేదు.

రామమూర్తి గారు లోపలికి రాగానే చేసిన మొదటి పని, చేలవైపు కిటికీ మూయించడం. ఒకప్పుడు ఎవరిదో మిరప కల్లం ఘాటుకి తుమ్ములొచ్చి మూయించారు. ఆ తరవాత ఏ కాలమైనా, కల్లం ఉన్నా లేకపోయినా, ఆయన పాఠానికి ఆ కిటికీ మూసే ఉండేది. ఆ పక్కన ప్లాట్లు పడినా, కాలేజీ గోడని ఆనుకుని ఇంకా ఒక ఎకరం మిరప మిగిలే ఉంది.

"ఆ బ్యాచికి నేను చెప్పిన పాఠమే ఒకటి చెప్పమన్నాడు జయరావు" అని నోట్సు తెరిచారు. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీశారు. కుడి పక్క గుమ్మడి, మొక్కజొన్న, తాటి. ఎడమ పక్క వరి. వేరుశనగ. రసూల్‌బీ సుద్దముక్కనే చూస్తోంది. సుద్దముక్క కిందికి దిగి, అదే గుండ్రటి చేతిరాతలో, మిరప అని రాసింది.

దుర్గాంబ ఆవిడ మోచేతి మీద పొడిచింది. ఈ కథ తనూ ఉత్తరాల్లో చదివి చదివి ఉంది మరి.

పాఠం బాగా చెప్పారు. అది ఒప్పుకోవాలి. గొంతు తగ్గినా ఆ తీరు తగ్గలేదు. అంతా చెప్పి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "సందేహాలుంటే అడగండి" అన్నారు.

ముందు బెంచీలోంచి సాయికౌశిక్ అనే కుర్రాడు లేచి ఏదో అడిగాడు. రామమూర్తి గారు చిరునవ్వుతో విని, "మంచిది, మంచిది, కూర్చో" అన్నారు. కుర్రాడు అయోమయంగా కూర్చున్నాడు. జయరావు లేచి కాస్త గట్టిగా ఇంకోటి అడిగాడు. "మంచిది, జయరావ్" అన్నారు. అప్పటికి అందరికీ తెలిసింది, ఆయనకి చెవులు దాదాపుగా పోయాయి. చెవి మిషను ఉందట గానీ, ఈల వేస్తోందని జేబులో వేసుకున్నారట. క్లాసులో అందరూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. రామమూర్తి గారు ఇక సందేహాలు లేవనుకుని నోట్సు మూశారు.

రసూల్‌బీ లేచింది. ఎలా లేచిందో ఆవిడకే తెలియదు. "సార్" అంది. పక్కనున్న దుర్గాంబకే సరిగ్గా వినబడలేదు. రామమూర్తి గారు చేతికర్ర కోసం బల్ల కింద వెతుక్కుంటున్నారు. వెనక బెంచీల్లో ఇప్పటి కుర్రాళ్లలో ఎవడో బల్ల మీద మెల్లగా దరువు మొదలుపెట్టాడు.

"ఒరేయ్, చెయ్యి తియ్యి!" అన్నాడు జయరావు వెనక్కి తిరిగి. మొహం ఎర్రగా కందిపోయింది. ముప్ఫై ఏళ్ల కిందట ఆ దరువు వేసింది ఆయనే. రసూల్‌బీకి ఆ సంగతి తెలియదు. ఆయనకి మాత్రం గుర్తుంది.

"సారు వెళ్లిపోతున్నారే" అంది దుర్గాంబ. "ఈ పిల్లికూతలు వినబడవు. నర్సరీలో పిలిచినట్టు పిలువు."

రసూల్‌బీ కళ్లు మూసుకుంది. ఎదురుగా నారుమళ్లు, ఆ కొసన సాజిదా, పొంగిపోతున్న నీళ్లు.

"సార్!"

వెంటిలేటరులో కునుకు తీస్తున్న పావురాలు రెండు లేచిపోయాయి. పక్క గదిలో కామర్స్ పాఠం ఆగింది. అటెండరు ఏమైందోనని గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. రామమూర్తి గారు తల ఎత్తారు. ఆయన మొహం విప్పారింది.

"ఆఁ! ఇప్పుడు వినబడింది" అన్నారు. "ఏం అమ్మాయ్?"

అదే ప్రశ్న. అదే గొంతు. 'ఏం లేదు సార్' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన అది ఎంత సుఖంగా అనిపించిందో! అనేసి కూర్చుంటే అయిపోతుంది. కానీ బోర్డు మీద మిరప అన్న అక్షరాలు కనబడుతున్నాయి, గేటు దగ్గర గౌస్ బాషా అన్న మాట చెవిలో ఉంది. మింగేసింది ఆ మాటని.

"ఉంది సార్!" అని అరిచింది. "సందేహం ఉంది! మిరపని ఎడమ పక్క ఎందుకు రాశారు సార్? అది దాని పుప్పొడితోనే కాయ కడితే, సన్నకాయ పక్కనున్న పచ్చడికాయ విత్తనం మరుసటి ఏటికి ఎందుకు మారిపోద్ది?"

ఒకసారి నోరు తెరిచాక ఇక ఆగేదేముంది? సాళ్లు, అమ్మ జ్వరం, పిన్ని కట్టిన విత్తనం, మజ్జిగ కుండ, అన్నీ అదే గొంతుతో చెప్పేసింది. మజ్జిగ కుండ దగ్గర క్లాసంతా పకపకా నవ్వింది. రామమూర్తి గారు కూడా నవ్వారు. ఆ తరవాత నవ్వు ఆపి, కళ్లజోడు పెట్టుకుని ఆవిడ వైపు చూశారు.

"ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసమ్మా?"

"మీరు ఇది మొదటిసారి చెప్పిన రోజుకే తెలుసు సార్!"

"మరి అప్పుడే అడగలేదేం?"

"మీ వెనకాల వచ్చి మీ వెనకాల వెళ్లేవాళ్లం సార్" అంది గొంతు తగ్గించకుండా. "మధ్యలో లేచి అడగొచ్చని తెలియలేదు. పరీక్షలో కూడా మీరు చెప్పినట్టే రాశాను. మార్కులు వేశారు. ఆ మార్కులు నావి కావు సార్!"

కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ, రసూల్‌బీకి అవి ఏడుపు నీళ్లలా అనిపించలేదు. ముల్లు తీశాక కాలు తేలికపడుతుంది చూశారూ, అలా ఉంది.

మనోజ్ఞ లేచి బల్ల దగ్గరికి వెళ్లి, రామమూర్తి గారి చెవి దగ్గర గట్టిగా "ఇప్పటి పుస్తకాల్లో ఈవిడ చెప్పినట్టే ఉంది సార్. తేనెటీగలొస్తే మిరప కలిసిపోతుందనే రాస్తున్నారు" అంది.

ఆయన తల ఊపారు. డస్టరు తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లి, మిరప అన్న మాట మీద పెట్టి, చెరపకుండా ఆగారు.

"నేను ఆ పుస్తకంలో చూసి రాశాను" అన్నారు. "ఇరవై ఎనిమిదేళ్లు ఇదే గదిలో చెప్పాను. గోడ అవతల చేను. ఒక్కరోజు వెళ్లి పువ్వు చూడలేదు. తుమ్ములొస్తాయని కిటికీ మూయించుకున్నాను." డస్టరు బల్ల మీద పెట్టేశారు. "చూడకుండా రాసిన పాపం చాలు. చూడకుండా చెరపను. పద, చూపించు."

"ఇప్పుడా సార్? మీ రైలు..." అన్నాడు జయరావు. ఆయనకి వినబడలేదు, లేదా వినబడనట్టు నటించారు. చెవులు పోవడంలో ఆ సౌకర్యం ఉంది.

రామమూర్తి గారు కర్ర పుచ్చుకుని గుమ్మం దాకా వెళ్లి, అలవాటు ప్రకారం ఆగారు, ఆడపిల్లలు వెనకాల రావాలి కదా. రసూల్‌బీ వెళ్లి, అలవాటు ప్రకారమే, ఆయన వెనకాల నిలబడింది. ఆయన కదలరు, ఈవిడ కదలదు. చేనెటో ఆయనకి తెలియదు. ఆయన్ని దాటడం ఈవిడకి తెలియదు. వెనకాల అరవై మంది గుమిగూడారు.

"వెళ్లవే తల్లీ" అంది దుర్గాంబ. "దారి తెలిసింది నీకే కదా!"

రామమూర్తి గారు పక్కకి జరిగి దారి ఇచ్చారు.

రసూల్‌బీ ఆయన్ని దాటి వరండాలోకి అడుగుపెట్టింది. ముందు ఆవిడ, వెనక రామమూర్తి గారు, ఆయన వెనక దుర్గాంబ, మనోజ్ఞ, జయరావు, బట్టతలలూ, చుడీదార్లూ, జీన్సు ప్యాంట్లూ. వెయిటింగ్ రూమ్ ముందు నుంచి వెళ్లారు, ఎవరూ ఆగలేదు. చేలోకి వెళ్లాలంటే గేటు దాటి గోడ చుట్టూ తిరగాలి. గేటు బయట టీ కొట్టు బల్ల మీద గౌస్ బాషా గ్లాసు నోటి దగ్గర పెట్టుకుని ఈ ఊరేగింపు చూశాడు. ముందు నడుస్తున్నది ఎవరో చూశాడు. గ్లాసు దించి లేచి నిలబడ్డాడు. రసూల్‌బీ ఆయన వైపు చూసి తల ఊపింది, అడిగానని. ఆయన రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తాడు. ఇకనుంచి ప్రశాంతంగా పచ్చడి తినొచ్చని ఆ మనిషి ఆనందం.

డిసెంబరు ఎండ కమ్మగా ఉంది. చేనంతా తెల్లటి చిన్న పువ్వులు తలలు వంచుకుని ఉన్నాయి, వాటి మధ్య ఎర్రబారుతున్న కాయలు. తేనెటీగలు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. రసూల్‌బీ గట్టు ఎక్కి, మొదటి సాలు దగ్గర నిలబడింది. వెనక రామమూర్తి గారి కర్ర చప్పుడు మెల్లగా వస్తోంది. మట్టిగడ్డల్లో నడక ఆయనకి కొత్త. కాసేపు ఎదురుచూసింది.

తరవాత, వెనక్కి చూడకుండా, ఒక్కసారి దగ్గింది. నర్సరీ దగ్గు అది, ఆయనకి కూడా వినబడింది.